నక్షత్రాలు, గ్రహాలు, విశ్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆకాశం మీద కొత్తగా ఆసక్తి పుట్టినవాళ్ళు మొదట అడిగేవి ఎంత దూరం, ఎంత పెద్దది, ఎంత వయసు అనే ప్రశ్నలు. ఆ అంకెలు ఎక్కడ వెతికినా దొరుకుతాయి. కానీ ఫలానా నక్షత్రం ఇన్ని కాంతి సంవత్సరాల దూరంలో ఉందంటే, అక్కడికి వెళ్ళి కొలిచినవాళ్ళెవరూ లేరు కదా, మరి ఎలా తెలిసింది? నాకైతే ఖగోళశాస్త్రంలో అసలు రుచి ఆ "ఎలా"లోనే ఉందనిపిస్తుంది. అందుకే వీలైనచోటల్లా జవాబుతో పాటు అది బయటపడిన దారి కూడా చెప్పాను.

నక్షత్రాలు మిణుకుమంటాయి, గ్రహాలు మిణుకుమనవు. ఎందుకు?

మిణుకు నక్షత్రంలో లేదు, మన గాలిలో ఉంది. వాతావరణంలో వేడి గాలి, చల్ల గాలి పొరలు ఎప్పుడూ కదులుతూ ఉంటాయి. వాటిలోంచి వచ్చే కాంతి అటూ ఇటూ వంగుతుంది. నక్షత్రం ఎంత దూరంలో ఉంటుందంటే మన కంటికి అది ఒక్క చుక్క. ఆ ఒక్క చుక్క కాంతి వంగితే వెలుగు తగ్గినట్టు, పెరిగినట్టు కనిపిస్తుంది. గ్రహం కూడా చుక్కలాగే ఉన్నా నిజానికి చిన్న బిళ్ళ. బిళ్ళలో ఒక భాగం మసకబారిన క్షణంలో ఇంకో భాగం ప్రకాశిస్తుంది కాబట్టి మొత్తం మీద వెలుగు నిలకడగా ఉంటుంది. అయితే దిగంతానికి బాగా దగ్గరగా ఉన్నప్పుడు గ్రహాలు కూడా కాస్త మిణుకుమంటాయి, ఎందుకంటే అక్కడ కాంతి మరింత మందమైన గాలిలోంచి రావాలి.

నక్షత్రాలన్నీ తెల్లగానే ఉన్నాయి కదా, రంగులున్నాయంటారేమిటి?

డిసెంబరు నుంచి మార్చి దాకా రాత్రిపూట ఓరియన్ మండలం చూడండి. వరసగా మూడు నక్షత్రాలు కనిపిస్తాయి కాబట్టి గుర్తుపట్టడం తేలిక. ఆ మూడింటికి ఒక పక్కన ఆర్ద్ర (బెటెల్‌జ్యూస్), దానికి ఎదురుగా రెండో పక్కన రైజెల్ ఉంటాయి. ముందు ఒకదాన్ని, వెంటనే రెండోదాన్ని మార్చి మార్చి చూడండి. ఆర్ద్ర నారింజ, రైజెల్ నీలం కలిసిన తెలుపు. బైనాక్యులర్స్ ఉంటే కావాలనే ఫోకస్ కొద్దిగా చెడగొట్టండి. చుక్క కాస్తా చిన్న బిళ్ళలా పరుచుకుని రంగు ఇంకా బాగా తెలుస్తుంది. తక్కిన నక్షత్రాలు తెల్లగా కనిపించడానికి కారణం మన కన్నే. తక్కువ వెలుగులో పనిచేసే కణాలకు రంగు తెలియదు.

రంగు అంటే ఉష్ణోగ్రత. ఆర్ద్ర ఉపరితలం సుమారు 3,500 కెల్విన్, సూర్యుడిది దాదాపు 5,800, రైజెల్‌ది 12,000 దాకా ఉంటుంది. కుళాయి గుర్తులకి ఇది తలకిందులు: ఇక్కడ ఎరుపు చల్లన, నీలం వేడి.

కాంతి సంవత్సరం కాలమా, దూరమా?

దూరం. కాంతి ఒక ఏడాదిలో ప్రయాణించే దూరం, అంటే సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. సూర్యుడి తర్వాత మనకి అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 1977లో బయలుదేరిన వాయేజర్-1 సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఆ వేగంతో అంత దూరం వెళ్ళాలంటే దానికి సుమారు 75,000 ఏళ్ళు పడుతుంది.

ఇంతింత దూరాలు ఎలా కొలిచారు?

చేయి చాపి బొటనవేలు నిలబెట్టి, ఒకసారి కుడి కన్ను, ఒకసారి ఎడమ కన్ను మూసి చూడండి. వెనకున్న గోడ మీద వేలు అటూ ఇటూ జరిగినట్టు ఉంటుంది. రెండు కళ్ళ మధ్య దూరం, వేలు జరిగిన కోణం తెలిస్తే వేలు ఎంత దూరంలో ఉందో లెక్క కట్టొచ్చు. నక్షత్రాలకీ ఇదే లెక్క. కాకపోతే ఇక్కడ రెండు కళ్ళు భూమి కక్ష్యకు రెండు చివరలు. జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి చూస్తే ఆ రెండు స్థానాల మధ్య 30 కోట్ల కిలోమీటర్లు వస్తుంది.

ఇంత సులువైన పద్ధతే అయినా శతాబ్దాల పాటు ఎవరికీ సాధ్యం కాలేదు. నక్షత్రం జరిగే కోణం మరీ చిన్నది. 1838లో ఫ్రెడ్రిక్ బెస్సెల్ 61 సిగ్ని అనే నక్షత్రం విషయంలో మొదటిసారి నమ్మదగ్గ లెక్క ఇచ్చాడు. ఆయన పట్టుకున్న కోణం ఒక డిగ్రీని 3,600 భాగాలు చేస్తే అందులో ఒక భాగంలో మూడో వంతు. ఈ రోజుల్లో అదే పద్ధతిలో, 2013లో ప్రయోగించిన గాయా ఉపగ్రహం వంద కోట్లకు పైగా నక్షత్రాల దూరాలు కొలిచింది.

మరీ దూరంగా ఉన్నవాటికి ఇది పనిచేయదు. అక్కడ అసలు ఉపాయం హెన్రియెటా లీవిట్‌ది. సెఫీడ్లనే రకం నక్షత్రాల వెలుగు క్రమం తప్పకుండా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఫోటో పలకలు ఒక్కొక్కటే పరిశీలించి, ఆ హెచ్చుతగ్గుల కాలం ఎంత ఎక్కువైతే నక్షత్రం అసలు వెలుగు అంత ఎక్కువని ఆవిడ 1912లో చూపించింది. అసలు వెలుగు తెలిసి, మనకి కనిపిస్తున్న వెలుగు కూడా తెలిస్తే దూరం తెలిసినట్టే. 1923లో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాలో ఒక సెఫీడ్‌ను పట్టుకున్నాడు. ఆండ్రోమెడా మన పాలపుంతలో ఉన్న మబ్బు కాదని, బయట ఉన్న మరో గెలాక్సీ అని ఆ ఒక్క నక్షత్రంతో తేలిపోయింది. విశ్వం గురించి మనకి తెలిసినదాన్ని ఇంతగా మార్చిన పరిశోధనలు చాలా తక్కువ. లీవిట్ పేరు ఇంకా చాలామందికి తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

డెల్టా సెఫీ అనే సెఫీడ్‌ను మామూలు కంటితోనే చూడొచ్చు. ఐదు రోజుల తొమ్మిది గంటలకు ఒకసారి దాని వెలుగు పెరిగి తగ్గుతుంది. పక్కనున్న నక్షత్రాలతో పోలుస్తూ రెండు వారాలు రాసుకుంటే ఆ లయ మీ పుస్తకంలోనే కనిపిస్తుంది.

నక్షత్రాలు దేనితో తయారయ్యాయో ఇక్కడి నుంచి ఎలా తెలుస్తుంది?

నక్షత్రాల్లో ఏ పదార్థాలున్నాయో మనిషికి ఎన్నటికీ తెలియదని 1835లో అగస్త్ కాంత్ అనే తత్వవేత్త రాశాడు. అప్పటికి ఆ మాటలో తప్పేం కనిపించలేదు. పాతికేళ్ళు తిరక్కుండానే కిర్కాఫ్, బున్సెన్ ఆ పని చేసి చూపించారు.

సూర్యకాంతిని పట్టకంలోంచి పంపితే రంగుల పట్టీ వస్తుంది. జాగ్రత్తగా చూస్తే ఆ పట్టీలో వందలాది సన్నని నల్ల గీతలుంటాయి. ఒక్కో మూలకం తనకంటూ ప్రత్యేకమైన కొన్ని రంగులనే పీల్చుకుంటుంది. కాబట్టి గీతల వరస చూసి అక్కడ సోడియం ఉంది, ఇనుము ఉంది అని చెప్పేయొచ్చు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరు నుంచి పరిశీలించినవాళ్ళలో జూల్స్ జాన్సెన్ ఒకడు. ఆ ఏడాది సూర్యుడి కాంతిలో కనిపించిన ఒక పసుపు గీత భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. నార్మన్ లాక్యర్ అది కొత్త మూలకమే అన్నాడు. అదే హీలియం. భూమి మీద అది దొరికింది 1895లో. ఒక మూలకం ముందు సూర్యుడిలో కనబడి, ఇరవై ఏడేళ్ళ తర్వాత మన దగ్గర దొరికిందన్నమాట!

గీతలు బలంగా ఉన్నంత మాత్రాన ఆ మూలకం ఎక్కువగా ఉన్నట్టు కాదు, ఉష్ణోగ్రతను బట్టి కూడా అవి మారతాయి. ఆ లెక్క మేఘనాథ్ సాహా 1920లో ఇచ్చిన సమీకరణంతో తేలింది. దాన్ని వాడి 1925లో సిసీలియా పేన్ నక్షత్రాల్లో అత్యధిక భాగం హైడ్రోజనే అని తేల్చింది. అప్పట్లో పెద్దలు నమ్మలేదు. కొన్నేళ్ళకి ఆవిడ చెప్పిందే నిజమని ఒప్పుకున్నారు. సూర్యుడి ద్రవ్యరాశిలో దాదాపు 98 శాతం హైడ్రోజన్, హీలియమే. తక్కినవన్నీ కలిపి రెండు శాతం లోపే.

మనం చూస్తున్న నక్షత్రాలు ఇప్పటికే చచ్చిపోయి ఉంటాయా?

చాలా ప్రచారంలో ఉన్న మాట ఇది, కానీ దాదాపు పూర్తిగా తప్పు. మామూలు కంటికి కనిపించే నక్షత్రాల్లో ఎక్కువ భాగం కొన్ని పదులు లేదా వందల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉన్నాయి. మరీ దూరంగా ఉన్నవైనా కొన్ని వేలు. నక్షత్రం ఆయుష్షు లక్షలు, కోట్ల సంవత్సరాలు. దాని పక్కన వెయ్యేళ్ళు ఏపాటి? మీరు ఈ రాత్రి చూసే చుక్కల్లో ఇంచుమించు అన్నీ ఇప్పటికీ వెలుగుతూనే ఉన్నాయి.

ఉన్న మాటల్లా, వాటి పాత వెలుగు చూస్తున్నామన్నదే నిజం. ఆండ్రోమెడా గెలాక్సీ నుంచి ఇప్పుడు మన కంట్లో పడే కాంతి బయలుదేరి 25 లక్షల ఏళ్ళయింది. అప్పటికి మన జాతి ఇంకా పుట్టలేదు.

ఆర్ద్ర పేలిపోతుందంటున్నారు. మనకి ప్రమాదమా?

టెన్షన్ అక్కర్లేదు. అది ఐదారు వందల కాంతి సంవత్సరాలకు పైనే ఉంది, హాని చేసేంత దగ్గర కాదు. 2019 చివర్లో అది బాగా మసకబారినప్పుడు పేలుడు దగ్గరపడిందని చాలామంది అనుకున్నారు. తీరా చూస్తే ఆ నక్షత్రమే వెదజల్లిన ధూళి అడ్డం రావడం, ఉపరితలం కొంత చల్లబడటం కారణమని తేలింది. రాబోయే లక్ష ఏళ్ళలో ఎప్పుడైనా పేలొచ్చు. పేలితే కొన్ని నెలల పాటు పగలు కూడా కనిపిస్తుంది.

మన గెలాక్సీలో మామూలు కంటితో స్పష్టంగా చూసి నమోదు చేసిన చివరి సూపర్‌నోవా 1604 నాటిది. సూపర్‌నోవా అంటే నక్షత్రం అలా పేలిపోవడమే. 1987లో పక్క గెలాక్సీలో ఒకటి పేలింది. దాని వెలుగు కంటే కొన్ని గంటల ముందే న్యూట్రినోలు (పదార్థంలోంచి దాదాపు అడ్డు లేకుండా దూసుకుపోయే అతి చిన్న కణాలు) వచ్చి జపాన్‌లోని కమియోకాండే పరికరాన్ని తాకాయి. పేలేది నక్షత్రం నడిబొడ్డున కాబట్టి న్యూట్రినోలు వెంటనే బయటపడతాయి, వెలుగు మాత్రం ఆ పేలుడు పైపొరల దాకా వచ్చాకే కనిపిస్తుంది. సిద్ధాంతం అచ్చంగా అలాగే చెప్పింది.

సూర్యుడు కూడా ఒకనాడు బ్లాక్ హోల్ అవుతాడా?

కాడు. కాంతి కూడా బయటపడలేనంత గురుత్వాకర్షణ ఉన్న వస్తువే బ్లాక్ హోల్. అలా మారేంత బరువు సూర్యుడికి లేదు. ఇంకో 500 కోట్ల ఏళ్ళకి ఉబ్బి, పైపొరలు వదిలేసి, భూమి అంత పరిమాణంలో ఉండే శ్వేత మరుగుజ్జుగా మిగిలిపోతాడు. అలాంటి మరుగుజ్జు నిలబడాలంటే సూర్యుడికి 1.4 రెట్ల లోపే ద్రవ్యరాశి ఉండాలని సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ లెక్క కట్టాడు. 1930లో పందొమ్మిదేళ్ళ వయసులో, చదువు కోసం ఇంగ్లండు వెళ్తూ ఓడలో ఆ లెక్క మొదలుపెట్టాడు. నోబెల్ బహుమతి వచ్చింది 1983లో.

బ్లాక్ హోల్ చుట్టూ ఉన్నవన్నిటినీ పీల్చేస్తుందా?

ఇప్పటికిప్పుడు సూర్యుడి స్థానంలో అంతే ద్రవ్యరాశి ఉన్న బ్లాక్ హోల్ పెట్టామనుకోండి. వెలుగు, వేడి పోతాయి గానీ భూమి తన దారిన తాను అదే కక్ష్యలో తిరుగుతుంది. దూరం నుంచి చూస్తే గురుత్వాకర్షణకి ద్రవ్యరాశితోనే పని. ఆ బ్లాక్ హోల్ వ్యాసార్థం మూడు కిలోమీటర్లు మాత్రమే. బాగా దగ్గరికి వెళ్ళినవే అందులో చిక్కుకుంటాయి.

కనిపించని వస్తువు ఉందని ఎలా నమ్మారంటే, దాని చుట్టూ తిరిగేవాటిని చూసి. మన పాలపుంత నడిమధ్యన ఎస్2 అనే నక్షత్రం ఖాళీగా కనిపించే ఒక చోటు చుట్టూ 16 ఏళ్ళకొకసారి తిరుగుతోంది. ఆ కక్ష్యను ఏళ్ళ తరబడి గమనించి, మధ్యలో సూర్యుడికి 40 లక్షల రెట్లకు పైగా ద్రవ్యరాశి ఉందని రెండు బృందాలు విడివిడిగా తేల్చాయి. వాటికి నాయకత్వం వహించిన ఆండ్రియా గెజ్, రైన్‌హార్డ్ గెంజెల్‌లకు 2020లో నోబెల్ వచ్చింది. ఆ బ్లాక్ హోల్ నీడ ఫోటో 2022లో విడుదలైంది.

ప్లూటోని ఎందుకు తీసేశారు?

ప్లూటో అలాగే ఉంది, మారింది వర్గీకరణ. నెప్ట్యూన్ అవతల అలాంటివి చాలా ఉన్నాయని 1990ల నుంచి బయటపడుతూ వచ్చింది. 2005లో ఇంచుమించు ప్లూటో అంతే ఉన్న ఎరిస్ గురించి ప్రకటించారు. అన్నిటినీ గ్రహాలనాలి, లేదా ప్లూటోనీ వాటితో కలిపి మరుగుజ్జు గ్రహాలనే వేరే వర్గంలో పెట్టాలి. 2006లో రెండో దారి ఎంచుకున్నారు. నాకు అదే సబబనిపిస్తుంది.

బుధుడు సూర్యుడికి దగ్గర కదా, శుక్రుడు ఎందుకు ఎక్కువ వేడి?

గాలి వల్ల. శుక్రుడి వాతావరణంలో 96 శాతం కార్బన్ డయాక్సైడ్. వచ్చిన వేడిని బయటికి పోనివ్వదు. రాత్రీ పగలూ దాదాపు 465 డిగ్రీల సెల్సియస్. 1970లో అక్కడ దిగిన సోవియట్ నౌక వెనెరా-7 ఈ వేడిని నేల మీద నుంచే కొలిచి పంపింది.

చందమామ మీద వదిలిన జెండాలు టెలిస్కోపులో కనిపిస్తాయా?

కనిపించవు. 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఒక మీటరు వస్తువు గుర్తించాలంటే 200 మీటర్లకు పైగా వెడల్పున్న అద్దం కావాలి. చిలీలో కడుతున్న అతి పెద్ద టెలిస్కోపు అద్దమే 39 మీటర్లు. అయితే చంద్రుడి చుట్టూ తిరుగుతున్న ఎల్ఆర్ఓ నౌక మనుషులు దిగిన చోట్లను, వాళ్ళ అడుగుజాడల దారులను పైనుంచి ఫోటో తీసింది. అపోలో 11, 14, 15 యాత్రికులు పెట్టి వచ్చిన అద్దాల మీదకి లేజర్ కొడితే రెండున్నర సెకన్లలో తిరిగొస్తుంది. చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాడని తెలిసింది ఆ లేజర్‌తోనే.

విశ్వం వ్యాకోచిస్తోందంటారు, దేనిలోకి? దాని మధ్యభాగం ఎక్కడ?

ఈ ప్రశ్న చాలామందిని ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే విశ్వం మొదలైనదాన్ని బిగ్ బ్యాంగ్, అంటే మహా విస్ఫోటం అంటారు, మనం పేలుడు అనగానే ఖాళీ గదిలో బాంబు ఊహిస్తాం. ఇక్కడ గది లేదు. గెలాక్సీల మధ్య ఉన్న స్థలమే పెరుగుతోంది. దానికి బయట ఏదో ఒక చోటు ఉండాల్సిన అవసరం లెక్కల్లో ఎక్కడా రాదు. మధ్యభాగమూ లేదు. ఏ గెలాక్సీలో నిలబడి చూసినా తక్కినవి తనకి దూరంగా పోతున్నట్టే ఉంటుంది, ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా.

1929లో హబుల్ చూపించింది ఈ సంబంధాన్నే. వేగం ఎలా తెలిసిందంటే, మళ్ళీ ఆ రంగుల పట్టీలోని గీతలే. దూరమయ్యే గెలాక్సీ గీతలు ఎరుపు వైపు జరుగుతాయి.

ఇల్లు, భూమి, సౌరకుటుంబం మాత్రం సాగిపోవడం లేదు, వాటిని పట్టి ఉంచే బలాలున్నాయి. పక్కపక్కనున్న గెలాక్సీల్లో కూడా గురుత్వాకర్షణదే పైచేయి. ఆండ్రోమెడా సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో మన వైపే వస్తోంది.

విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళయితే 4,600 కోట్ల కాంతి సంవత్సరాల దూరం దాకా ఎలా కనిపిస్తుంది?

కాంతి దారిలో ఉన్న ఇన్నాళ్ళూ దాని వెనకాల స్థలం పెరుగుతూనే ఉంది. బయలుదేరిన చోటు ఇప్పుడు అంత దూరం వెళ్ళిపోయింది. ఇందులో కాంతి కంటే వేగంగా ఏదీ ప్రయాణించలేదు, పెరిగింది మధ్యలోని స్థలమే.

రాత్రి ఎందుకు చీకటిగా ఉంటుంది?

చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటుంది గానీ ఈ పేజీలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. "సూర్యుడు లేడు కాబట్టి" అంటే సరిపోదు. విశ్వం అనంతమై, ఎప్పటి నుంచో ఇలాగే ఉండి, అంతటా నక్షత్రాలుంటే, మీరు ఎటు చూసినా ఆ చూపు చివరికి ఏదో ఒక నక్షత్రానికి తగలాలి. అప్పుడు ఆకాశమంతా సూర్యుడి ముఖంలా మండిపోతూ ఉండాలి. అలా లేదంటే ఆ ఊహల్లో ఏదో తప్పుంది.

తప్పు "ఎప్పటి నుంచో" అన్న దగ్గరుంది. విశ్వానికి ఒక వయసుంది. మరీ దూరపు నక్షత్రాల వెలుగు మనల్ని చేరేంత కాలం ఇంకా గడవలేదు. పైగా వ్యాకోచం వల్ల దూరం నుంచి వచ్చే కాంతి కంటికి కనిపించని తరంగాలుగా సాగిపోతుంది. ఆ సాగిన కాంతి నిజంగానే అన్ని దిక్కుల నుంచీ వస్తోంది. 1965లో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్‌లు తమ రేడియో యాంటెనాలో ఎంతకీ పోని గురగురను లోకానికి వెల్లడించారు. యాంటెనాలో గూడు కట్టిన పావురాల రెట్ట కూడా శుభ్రం చేసి చూశారు, అయినా పోలేదు. అది విశ్వం తొలినాళ్ళ వేడి, ఇప్పుడు పరమ శూన్యం కంటే 2.7 డిగ్రీలు మాత్రమే ఎక్కువ. రాత్రి చీకటిగా ఉండటమే విశ్వానికి ఒక మొదలుందనడానికి సాక్ష్యం.

డార్క్ మ్యాటర్ నిజంగా ఉందా?

డార్క్ మ్యాటర్ అంటే కంటికి కనిపించకుండా, గురుత్వాకర్షణ వల్ల మాత్రమే ఉనికి తెలిసే పదార్థం. అలాంటిది ఏదో ఉందనడానికి ఆధారాలు గట్టివి. అదేమిటో ఇంకా ఎవరూ పట్టుకోలేదు. గెలాక్సీ అంచుల్లో ఉన్న నక్షత్రాలు నెమ్మదిగా తిరగాలి. 1970లలో వెరా రూబిన్ కొలిచి చూస్తే లోపలివాటితో సమానమైన వేగంతో తిరుగుతున్నాయి. కనిపించే పదార్థానికి అంత వేగంలో వాటిని పట్టి ఉంచే బలం లేదు. ఇప్పటి లెక్క ప్రకారం విశ్వంలో మనకి తెలిసిన పదార్థం సుమారు 5 శాతమే.

వేరే నక్షత్రాల చుట్టూ గ్రహాలున్నాయా?

5,000కు పైగా నిర్ధారించారు. సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ మొదటిది 1995లో మిషెల్ మేయర్, డిడియే కెలోజ్‌లకు దొరికింది. గురుడిలో సగం బరువుండే ఆ గ్రహం నాలుగు రోజుల్లో నక్షత్రాన్ని చుట్టేస్తుంది. అలాంటిదొకటి ఉంటుందని అంతవరకూ దాదాపు ఎవరూ ఊహించలేదు. జీవం మాత్రం ఇంతవరకు ఎక్కడా దొరకలేదు.

నేను టెలిస్కోపు కొనాలా?

ముందు 10x50 లేదా 7x50 బైనాక్యులర్స్ తీసుకోండి (మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో). పెట్టె మీద "500 రెట్లు పెద్దగా" అని రాసిన చిన్న టెలిస్కోపుల జోలికి వెళ్ళకండి. ముఖ్యమైనది అద్దం వెడల్పు. మిల్లీమీటరుకు రెండు రెట్ల కంటే పెద్దగా చూపించాలంటే బొమ్మ అలుక్కుపోతుంది. అంటే 70 మిల్లీమీటర్ల దానికి 140 రెట్లే హద్దు.

బైనాక్యులర్స్‌ని గోడకో స్టాండుకో ఆనించి, చేతులు వణక్కుండా గురుగ్రహాన్ని చూడండి. పక్కన ఒకే వరసలో రెండు నుంచి నాలుగు సన్నని చుక్కలుంటాయి. కాగితం మీద బొమ్మ వేసుకోండి. మర్నాడు చూస్తే వరస మారి ఉంటుంది, ఒకటి మాయమై ఉండొచ్చు కూడా. 1610 జనవరిలో గెలీలియో చూసింది ఇదే. ఆ చుక్కలు గురుడి ఉపగ్రహాలు. వాటిలో అన్నిటికంటే లోపలిదైన అయో 42 గంటల్లో గురుడిని చుట్టేస్తుంది. అది గురుడి నీడలోకి వెళ్ళే వేళలు భూమి దూరంగా ఉన్నప్పుడు ఆలస్యం అవుతున్నాయని గమనించి, కాంతికి కూడా ప్రయాణ సమయం పడుతుందని 1676లో ఓలె రోమర్ చెప్పాడు. అంత పెద్ద విషయం ఆ చిన్న చుక్కల్లోంచే వచ్చింది.

మసక వస్తువుల కోసమైతే 20, 30 నిమిషాలు చీకట్లో ఉండి, ఫోన్ చూడకుండా కళ్ళను అలవాటు పడనివ్వండి. ఆండ్రోమెడా లాంటివాటిని నేరుగా కాకుండా కాస్త పక్కకి చూస్తే బాగా తెలుస్తాయి. శని వలయాలకు మాత్రం టెలిస్కోపు కావాల్సిందే, 30 రెట్లు పెద్దగా చూపిస్తే చాలు.

టెలిస్కోపుతో సూర్యుణ్ణి చూడొచ్చా?

ముందు భాగాన్ని పూర్తిగా కప్పే సోలార్ ఫిల్టర్ ఉంటేనే. గ్రహణం కళ్ళద్దాలు పెట్టుకుని టెలిస్కోపులోకో బైనాక్యులర్స్‌లోకో చూడకూడదు. పోగైన కాంతి ఆ కళ్ళద్దాలను క్షణాల్లో కాల్చేసి కంటిని శాశ్వతంగా పాడుచేస్తుంది. కంటి వైపు బిగించే చిన్న ఫిల్టర్లు వేడికి పగిలిపోతాయి, అవి మీ పెట్టెలో వస్తే పారేయండి. ఫిల్టర్‌ను ప్రతిసారీ పెట్టేముందు వెలుతురుకి ఎత్తి చూసి, సూది మొనంత చిల్లి కనిపించినా పక్కన పెట్టేయండి. ఫిల్టర్ వేసినా పక్కనుండే చిన్న ఫైండర్‌ను (గురి చూసుకునే బుల్లి టెలిస్కోపును) మూయడం చాలామంది మర్చిపోతారు. దాన్ని ముందే ఊడదీసి లోపల పెట్టండి, ముఖ్యంగా చుట్టూ పిల్లలున్నప్పుడు.